1959 మోరిస్ మైనర్ 1000: అప్పటి బల్బులే వెయ్యాలంటే ఏవి, ఎన్ని వాట్లవి?

కోట_కూడలి (విజయనగరం):

1959 మోరిస్ మైనర్ 1000, నాలుగు డోర్లది. టింకరింగు, పెయింటు అయిపోయాయి, వైరింగు సగంలో ఉంది. 12 వోల్టులు, పాజిటివ్ ఎర్తు (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి). లూకాస్ డైనమోని అలాగే ఉంచాం. మలుపు చూపడానికి డోర్ల మధ్య స్తంభంలోంచి లేచే ట్రాఫికేటర్ చేతులు రెండూ ఉన్నాయి. ఒకటి లేస్తోంది గానీ వెలగడం లేదు.

తంటా అంతా బల్బుల దగ్గరే. ఎడమ హెడ్‌లైటులో గుండ్రటి పళ్ళెం ఉన్న పాత బల్బు, అంచున ఒక గంటు, వెనక రెండు టంకం చుక్కలు. దాని మీద అక్షరాలు చెరిగిపోయాయి. కుడివైపు, వెనక మూడు రేకు కాళ్ళున్న బల్బుని పళ్ళెం చెవులు కత్తిరించి మరీ ఇరికించారు. వెనక కుడి లైటు బ్రేకు తొక్కితే పెరగాల్సింది పోయి తగ్గుతోంది. మీటరులో రెండు ఎల్‌ఈడీలు ఉన్నాయి, ఒకటి వెలుగుతుంది, ఇంకోటి వెలగదు.

బయటికి కనిపించేదంతా అప్పటిదిగానే ఉండాలి. అలాగని షెడ్డులో పెట్టి చూసుకునే బండి కాదు. సాయంత్రం బయల్దేరి నాతవలస దగ్గర హైవే ఎక్కి శ్రీకాకుళం దాకా పోయి రావాలి. ఇప్పుడు డిమ్ వేస్తే ఎదురుగా ఉన్న కల్వర్టు గోడ కూడా కనపడదు. హెచ్4 హాలోజన్, 100/90 (బ్రైటుకి 100 వాట్లు, డిమ్‌కి 90) వేసెయ్యమంటున్నారు ఇక్కడి ఎలక్ట్రీషియన్లు. ఏ లైటుకి ఏ బల్బు, ఏ మూతి (హోల్డరులో కూర్చునే అడుగు భాగం), ఎన్ని వాట్లు?


నీలితీగ:

మూడు లాంతర్ల కూడలి ఉన్న ఊళ్ళో ఉండి లైటు కోసం వెతుక్కుంటున్నారన్నమాట. సరే, హెడ్‌లైటుతో మొదలుపెడదాం, గొడవంతా అక్కడే.

ఎడమవైపు ఉన్నది బ్రిటిష్ ప్రీఫోకస్ బల్బు, మూతి పేరు పీ36డీ. పళ్ళెం వ్యాసం కొలవండి, 36 మిల్లీమీటర్లు వస్తుంది. కుడివైపు ఇరికించింది పీ45టీ, అంటే ట్రాక్టర్లకీ పాత ఫియట్లకీ వేసే 45/40. పళ్ళెం పెద్దది కాబట్టే చెవులు కత్తిరించాల్సి వచ్చింది. అది ఎలాగోలా కూర్చున్నా ప్రయోజనం లేదు. రిఫ్లెక్టరు గిన్నెకి ఒకే ఒక్క కేంద్రం ఉంటుంది, ఫిలమెంటు సరిగ్గా అక్కడే నిలవాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగిందంటే కాంతి రోడ్డు మీద కాదు, చింతచెట్ల మీద పడుతుంది.

ఇంకో తేడా కూడా ఉంది. పీ45టీలో డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దోనె ఉంటుంది. కిందికి పోయే కాంతిని అది ఆపేస్తుంది కాబట్టి డిమ్‌కి గిన్నె పైసగమే పనిచేస్తుంది. దానికి తగ్గట్టే అద్దం గీతలు కోస్తారు. ప్రీఫోకస్ బల్బులో దోనె ఉండదు. డిమ్ ఫిలమెంటును కేంద్రం నుంచి కాస్త పక్కకీ పైకీ జరిపి పెడతారు, దాంతో కాంతి మొత్తం కిందికీ ఎడమకీ దిగుతుంది. మీ అద్దం ఈ పద్ధతికి కోసింది. అందులో ఆ బల్బు పెడితే బ్రైటూ డిమ్మూ రెండూ పాడవుతాయి.

అప్పటి ఇంగ్లండు రోడ్ల బండికి వచ్చింది లూకాస్ 354, 42/36 వాట్లు. తర్వాతి ఏళ్ళలో దాని చోట వాడింది 414, 50/40 వాట్లు. మూతి అదే, చూపుకీ తేడా తెలియదు. మీరు 414 తీసుకోండి. 354 కోసం పట్టుబట్టడం ముచ్చటే గానీ అవసరం కాదు.

విదేశాల నుంచి తెప్పించుకునేటప్పుడు ఒకటి చూసుకోవాలి. ఈ రకంలో కాంతి ఎటు దిగాలో తేల్చేది బల్బే. ఎడమకి దిగేది, కుడికి దిగేది, నిటారుగా దిగేది అని మూడు రకాలు చేశారు, మూడింటికీ మూతి ఒకటే. మనకి కావలసింది ఎడమకి దిగేది. కుడికి దిగేది వేస్తే డిమ్ వేసిన ప్రతిసారీ ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు కళ్ళలో కొడుతుంది, అతను బ్రైటు వేసి తిడతాడు. అమ్మేవాడు పేజీలో ఇది రాయకపోతే అడిగి కొనండి.

మిగతావి వరుసగా చెప్తాను. పార్కింగ్ లైట్లకి అప్పట్లో 6 వాట్లవి. ఇప్పుడు దొరికేది 5 వాట్ల బీఏ15ఎస్, లూకాస్ నంబరు 207. వెనక బ్రేకు, టెయిల్ కలిసిన దానికి 380: 21/5 వాట్లు, మూతి బీఏవై15డీ, పాతవాటి మీద 21/6 అని ఉంటుంది. మీటరు లైట్లకి 987: 2.2 వాట్లు, మరతిప్పే ఈ10. ట్రాఫికేటర్లకి 256: 3 వాట్లు, రెండు కొసలా టోపీ ఉన్న గొట్టం బల్బు. నంబరు ప్లేటు లైటుకి హోల్డరు చూసి 5 వాట్లది వెయ్యండి.

100/90 మాత్రం వద్దు. ఎందుకో డైనమో సంగతి తెలిసినవాళ్ళు చెప్తారు.


డైనమో_తాత:

పిలిచారు కాబట్టి వచ్చాను.

ఆ ఏడాది మైనర్‌కి వచ్చిన డైనమో సీ39 రకం, గరిష్ఠంగా 19 ఆంపియర్లు. అదీ ఇంజను బాగా తిరుగుతున్నప్పుడు. గేటు దగ్గర ఆగి ఐడ్లింగులో ఉంటే ఇచ్చేది సున్నా, అంతా బ్యాటరీ నుంచే పోతుంది.

లెక్క వేద్దాం. బ్రైటు 42 వాట్లవి రెండు 84, పార్కింగు 12, టెయిలు 12, నంబరు ప్లేటు 6, మీటరు లైట్లు రెండు 4.4. మొత్తం 118 వాట్ల చిల్లర, అంటే దాదాపు 10 ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్‌కి ఒక 3 కలిపితే 13. బ్రేకు తొక్కినప్పుడు ఇంకో మూడున్నర. 19లో సరిపోయింది, బ్యాటరీకి కూడా కాస్త మిగిలింది. 414 వేస్తే ఒకటిన్నర ఆంపియరు దాకా పెరుగుతుంది, భయం లేదు. 60/55 వేస్తే 16 దాకా పోతుంది, అంచు మీద నడక. 100/90 అయితే లైట్లూ కాయిలూ కలిసి 22 దాటుతాయి. డైనమో దాన్ని మొయ్యలేదు. శ్రీకాకుళం వెళ్ళేటప్పుడు బాగానే ఉంటుంది, తిరుగు ప్రయాణంలో సెల్ఫ్ తిరగదు.

కాలితో నొక్కే డిమ్ స్విచ్ గురించి ఎవరూ ఆలోచించరు. హెడ్‌లైట్ల కరెంటంతా ఆ చిన్న ఇత్తడి బిళ్ళల మీంచే పోతుంది. పైగా ఫ్యాక్టరీ వైరింగులో హెడ్‌లైట్లకి ఫ్యూజు లేదు. మీ డబ్బాలో ఉన్న రెండు 35 ఆంపియర్ల ఫ్యూజులూ వేరే వాటికి. 100 వాట్లవి రెండు పెట్టి 16, 17 ఆంపియర్లు తోలితే ముందు స్విచ్చు వేడెక్కుతుంది, ఆ తర్వాత డ్యాష్ కింద తీగ తొడుగు మెత్తబడుతుంది. ఆపడానికి ఫ్యూజు లేదు.

అసలు ప్రశ్న ఇది: మీ లైటు గుడ్డిగా ఉన్నది బల్బు వల్లనా, వోల్టేజి వల్లనా? కొనే ముందు కొలవండి. ఫిలమెంటు బల్బు వెలుగు వోల్టేజికి సుమారు మూడున్నర ఘాతంతో మారుతుంది. పది శాతం వోల్టేజి తగ్గితే వెలుగు ముప్పై శాతం పోతుంది. బల్బు మారిస్తే ఇది పోదు. పెద్ద బల్బు వేస్తే కరెంటు పెరిగి, దారిలో పోయే వోల్టేజి ఇంకా పెరుగుతుంది.

కొలిచే పద్ధతి. లైట్లు వేసే ఉంచాలి, బల్బు హోల్డరులోనే ఉండాలి. బల్బు తీసేసి కొలిస్తే కరెంటు పారదు, మీటరు నిండా 12 చూపిస్తుంది, అదంతా అబద్ధం. మొదటిది, బ్యాటరీ రెండు కొసల మధ్య. రెండోది, బల్బు వెనక చుక్కకీ హోల్డరు బాడీకీ మధ్య. మూడోది, బ్యాటరీ నెగటివ్ నుంచి బల్బు వెనక చుక్కకి. నాలుగోది, హోల్డరు బాడీ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి. మూడు, నాలుగు కలిపితే దారిలో పోయిన వోల్టేజి. మీది పాజిటివ్ ఎర్తు కాబట్టి అలవాటుగా నల్ల ప్రోబు బాడీకి పెడితే అంకె ముందు మైనస్ వస్తుంది, కంగారు పడకండి.

ఆ అంకెలు ఇక్కడ రాయండి.


నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం):

ఎనక లైటు, చేతులు, ఎల్‌ఈడీ, ఈ మూడూ నాను సెప్తాను.

బ్రేకు తొక్కితే వెలుతురు తగ్గిందంటే నూటికి తొంభై పాళ్ళు ఎర్తు లేనట్టే. ఏటంటే, టెయిల్ కరెంటు బయటికి పోడానికి ఎర్తు దారి ఉండదు. అప్పుడు పక్కనున్న 21 వాట్ల ఫిలమెంటు మీంచి బ్రేకు తీగలోకి ఎదురెక్కి, అవతలి బ్రేకు లైటు గుండా పోతాది. బ్రేకు తొక్కితే ఆ తీగలోకీ కరెంటు వచ్చి ఆ దారి కూడా మూసుకుపోతాది, లైటు తగ్గిపోతాది. ఒక తీగ ముక్క తీసుకుని లైటు బాడీకీ, గీకిన ఛాసిస్ ఇనుముకీ పట్టి చూడండి. వెంటనే సర్దుకుంటే అదే జబ్బు. కొత్త పెయింటు వేసిన బండ్లన్నిటికీ ఇది వస్తాది. లైటు బోల్టు పెయింటు మీద కూర్చుంటాది గాని ఇనుముకి తగలదు. బోల్టు కింద పెయింటు గీకి, నల్ల తీగ ఒకటి ప్రత్యేకంగా లాగీడమే మంచిది.

అలా కాకుండా, టెయిల్ వేస్తేనే బాగా ఎక్కువగా వెలిగి, బ్రేకు తొక్కితే పెద్దగా తేడా లేకపోతే బల్బు తిరగబడి కూర్చున్నట్టు. బీఏవై15డీ బల్బుకి రెండు పుల్లలూ ఒక ఎత్తులో ఉండవు, ఒకటి మూడు మిల్లీమీటర్లు కిందికి ఉంటాది, అందుకే ఒకేవేపు దిగుతాది. గాడులు రెండూ సమానంగా ఉన్న పాత హోల్డరుంటే ఎటైనా దిగిపోతాది. అరగిపోయిన హోల్డరులో కొత్త బల్బుని బలవంతంగా తిప్పినా ఇదే కథ.

ఈ 21/5 బల్బు మోటారు సైకిళ్ళకి వేసేదే, ఏడు రోడ్ల కూడలిలోనో మీ ఊళ్ళోనో ఏ ఆటో ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాది. మూతి మీద అంకె మాత్రం చదివి కొనండి. తక్కువ వాట్లవీ, 6 వోల్టులవీ అదే మూతితో ఉంటాయి. మల్టీమీటరుతో ఓమ్స్ చూసి వాట్లు లెక్క కట్టీవద్దు. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం, వెలిగేటప్పటి దాంట్లో పదో వంతో అంతకన్నా తక్కువో ఉంటాది. 21 వాట్లది వెలుగుతున్నప్పుడు 7 ఓమ్స్ దగ్గర, చల్లగా ఉంటే అర ఓమ్ చూపిస్తాది. షార్టయిందనుకుని మంచి బల్బు పారేస్తారు.

ట్రాఫికేటరు. స్విచ్ వేసి చేతిని లేపండి, కింద వేలు ఆనించి పట్టుకుని స్విచ్ ఆపండి. పట్టుకోకుండా ఆపేస్తే టప్పున పడి ఇరుక్కుంటాది. చెయ్యి అడుగున చిన్న స్క్రూ ఉంటాది, అది తీసి పైరేకుని కొసవేపు లాగితే జారి వస్తాది. లోపల 3 వాట్ల గొట్టం బల్బు. బల్బు బాగుండి కూడా వెలక్కపోతే మడత దగ్గర సన్న తీగ తెగి ఉంటాది. లేచినప్పుడల్లా అక్కడే మడుస్తాది కదా. మందపు తీగ వేస్తే చెయ్యి కిందికి దిగదు. సన్నపోగులు ఎక్కువున్న మెత్తని తీగే వెయ్యాల, టంకం మడత మీద కాకుండా కాస్త దూరంగా పెట్టాల. కీలు పుల్లకి పల్చటి నూనె ఒక్క చుక్క, అంతే. ఇంజను ఆయిలు పోస్తే దుమ్ము పట్టి బంకైపోతాది.

3 వాట్లు దొరకలేదని అదే పొడుగులో 5, 10 వాట్లవి వెయ్యకండి. ఆ నారింజ పెంకు పాతకాలపు ప్లాస్టిక్కు, చేతిలో గాలాడదు. సిగ్నలు దగ్గర అర నిమిషం లేపి ఉంచితే పెంకు ఉబ్బుతాది. ఉబ్బిన చెయ్యి స్తంభంలోకి పట్టదు. పొడుగు కూడా కొలిచి కొనండి, 36, 39, 41 మిల్లీమీటర్లని ఉంటాయి. రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే పైరేకు మూసుకోదు.

ఎల్‌ఈడీ వెలక్కపోడానికి కారణం పాజిటివ్ ఎర్తే. షాపులో దొరికే ఈ10 ఎల్‌ఈడీ నడిబొడ్డు పాజిటివ్ అనుకుని చేసింది. మీ బండిలో నడిబొడ్డుకి నెగటివ్ వస్తాది. ఒకటి వెలుగుతుందంటే అది అటూ ఇటూ పనిచేసే రకం. ఫిలమెంటు బల్బుకి ఈ పట్టింపు లేదు. 987 వేసీండి, ఆ పసుపు వెలుగే మీటరుకి అందం. ఎనక ఎర్రద్దం లోపల తెల్ల ఎల్‌ఈడీ పెట్టినవాళ్ళని సూస్తుంటాను, గులాబీరంగు దీపంలా ఉంటాది, బ్రేకు లైటులా ఉండదు.


కోట_కూడలి:

కొలిచాను. ఇంజను ఆపి, బ్రైటు వేసి: బ్యాటరీ 12.3. ఎడమ బల్బు మీద 10.5. బ్యాటరీ నెగటివ్ నుంచి బల్బు చుక్కకి 1.2. హోల్డరు బాడీ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కి 0.6. డిమ్‌లో కూడా దాదాపు ఇంతే.

వెనక లైటు నాగావళి గారు చెప్పినట్టే, తీగ ముక్క పట్టగానే సరిపోయింది.

పాత స్విచ్ మీద భారం పడకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసే స్విచ్) పెడితే అప్పటి వైరింగు పోయినట్టేనా? రిఫ్లెక్టరు గిన్నె ఎడమది కాస్త మబ్బుగా ఉంది, తుడవొచ్చా?


డైనమో_తాత:

1.8 వోల్టులు దారిలోనే పోయాయి. అంటే మీ బల్బు ఇవ్వాల్సిన వెలుగులో పదింట ఆరు వంతుల కంటే తక్కువే ఇస్తోంది. కల్వర్టు కనపడకపోవడంలో వింత లేదు.

0.6 ఎర్తుది, అది సులువు. మైనర్ హెడ్‌లైటు డబ్బా రెక్కలో (మడ్‌గార్డులో) కూర్చుంటుంది, చక్రం కొట్టిన బురదంతా దాని వీపు మీదే. డబ్బాకీ రెక్కకీ మధ్య తుప్పూ రబ్బరూ పెయింటూ తప్ప ఇనుము తగిలే చోటు ఉండదు. ప్రతి హోల్డరు నుంచీ ఒక 2 చదరపు మిల్లీమీటర్ల నల్ల తీగ, ముందు ఛాసిస్ మీద గీకిన బోల్టుకి. బోల్టు బిగించాక వ్యాజిలీను పూయండి. తీరం గాలికి పచ్చ చిలుము పట్టకుండా ఉంటుంది.

1.2 మూడు చోట్ల పంచుకుని ఉంటుంది: మెయిన్ స్విచ్, కాలి స్విచ్, బుల్లెట్ కనెక్టర్లు (తీగల కొసలు కలిపే జాయింట్లు). కాలి స్విచ్ రెండు కొసల మధ్య లైట్లు వేసి కొలవండి, 0.2 దాటితే తీసెయ్యండి. విప్పి ఇత్తడి బిళ్ళలు సన్న ఎమ్రీ పేపరుతో తుడిస్తే కొన్నాళ్ళు పనిచేస్తుంది. బుల్లెట్లు తుడవద్దు, కొత్తవి వెయ్యండి. 4.7 మిల్లీమీటర్ల ఇత్తడి బుల్లెట్, టంకం పెట్టాలి, నొక్కి వదిలెయ్యకూడదు. లోపలి గొట్టం రేకు వదులైపోయి ఉంటుంది, అదీ కొత్తది. హెడ్‌లైటు తీగలు గుర్తుపట్టడానికి: స్విచ్ నుంచి కాలి స్విచ్ దాకా నీలం, అక్కడి నుంచి బ్రైటుకి నీలం మీద తెల్ల చార, డిమ్‌కి నీలం మీద ఎర్ర చార.

ఇవన్నీ చేస్తే మొత్తం నష్టం అర వోల్టులోపుకి దించొచ్చు. అప్పుడు ఆ 42 వాట్ల బల్బే మీకు కొత్త బల్బులా కనిపిస్తుంది. అందుకే ముందు ఈ పని, తర్వాతే కొనుగోలు.


నీలితీగ:

రిలే గురించి తాతగారికీ నాకూ పాత తగాదా ఉంది. ఆయనకి స్విచ్ శుభ్రం చేస్తే చాలు. 50/40 బల్బులతో అది నిజమే. కానీ కొత్త కాలి స్విచ్ దొరకడం కష్టం. ఉన్నదాన్ని కాపాడుకోవాలంటే రిలే పెట్టడమే నయం. పాత తీగ ఒక్కటీ కొయ్యక్కర్లేదు కాబట్టి అప్పటి వైరింగుకి ఏమీ కాదు.

రెండు రిలేలు, 30 ఆంపియర్లవి, నాలుగు కాళ్ళవి. కాళ్ళ పక్కన 30, 85, 86, 87 అని నంబర్లు ఉంటాయి. నీలం-తెలుపు తీగ బుల్లెట్ దగ్గర ఊడదీసి ఒక రిలే 86కి, నీలం-ఎరుపు ఇంకోదాని 86కి. రెండింటి 85 బాడీకి. 30కి బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, ఒక్కో రిలేకి ఒక 15 ఆంపియర్ల ఫ్యూజు, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. 87 నుంచి హెడ్‌లైట్లకి. రిలేలో లోపల డయోడ్ ఉన్నది కొనకండి. పాజిటివ్ ఎర్తులో అది ఎదురుగా పడి, లైటు వెయ్యగానే మెయిన్ స్విచ్‌కి షార్టు చూపిస్తుంది, ఆ దారిలో ఫ్యూజు కూడా లేదు. డబ్బా మీద గీసిన బొమ్మలో కాయిల్ పక్కన బాణం గుర్తుంటే అది డయోడ్ ఉన్నదే. వోల్టేజి రెగ్యులేటరు కింద కనపడకుండా బిగించొచ్చు. మళ్ళీ తీసెయ్యాలంటే రెండు బుల్లెట్లు యథాస్థానంలో పెడితే సరి.

రిఫ్లెక్టరు ముట్టుకోవద్దు. పొడిగుడ్డతో కూడా వద్దు. ఆ పూత చాలా పల్చన, ఒక్క తుడుపుకి సన్న గీతలు, రెండో తుడుపుకి అడుగు రేకు బయటపడుతుంది. ఇత్తడి పాలిష్ అయితే మరీ ఘోరం. దుమ్మయితే గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క షాంపూ కలిపి పోసి, ఒంపి, బోర్లించి ఆరబెట్టండి. మబ్బు పూతలోనే ఉంటే వాక్యూమ్ అల్యూమినియం పూత వేయించాలి, లేదా గిన్నె మార్చాలి. మబ్బుపట్టిన గిన్నెకి ఏ బల్బూ వైద్యం చెయ్యలేదు.

గిన్నె మార్చాల్సే వస్తే 7 అంగుళాల హెచ్4 యూనిట్ సులువుగా దొరుకుతుంది, అదే రింగులో కూర్చుంటుంది. కానీ హెచ్4 వచ్చింది 1971లో. అద్దం చదునుగా ఉండి, గీతలు వేరుగా ఉండి, పదడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. ప్రదర్శనకి పాత యూనిట్లు, రాత్రి దారికి ఇవి అని రెండు జతలు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. అలా కొంటే అద్దం మీద బాణం చూడండి. మీరు లైటుకి ఎదురుగా నిలబడితే మీ కుడిచేతివైపు చూపే బాణం ఉండాలి, అది ఎడమ పక్క నడిచే ట్రాఫిక్ గుర్తు. అంతర్జాతీయ ఈ-ముద్ర ఉండి బాణం లేకపోతే అది కుడి పక్క నడిచే దేశాలది.


నాగావళి_ఒడ్డు:

పాత స్టాకు బల్బులు ఆన్‌లైన్‌లో డబ్బాతో సహా కొంటే, హెడ్‌లైటులో పెట్టీకముందు బల్ల మీద పరీక్ష చెయ్యాల. అరవై ఏళ్ళు కూర్చున్న బల్బులో గాజూ తీగా కలిసిన చోట సన్న లీకు ఉండొచ్చు. గాజు లోపల తెల్ల బూడిదో, వానాకాలం రోడ్డు మీద నూనెలాంటి రంగులో కనిపిస్తే గాలి దూరినట్టే. వెలిగిస్తే పొగ ఊది నిమిషంలో పోతాది. మూతి కదుపుతూ చూడండి, అప్పటి సిమెంటు ఎండి ఊడుతాది. ఊడితే గాజు తిరిగిపోయి ఫిలమెంటు వంకరైపోతాది, ప్రీఫోకస్ అన్న మాటకే అర్థం ఉండదు.

లైటు సర్దడం కూడా సెప్పీస్తాను. గోడకి 25 అడుగుల దూరంలో చదునైన చోట బండి పెట్టండి, టైర్లలో గాలి సరిగ్గా, డ్రైవరు సీట్లో మనిషి. లైటు నడుమ ఎంత ఎత్తులో ఉందో గోడ మీద అంత ఎత్తులో గీత, రెండు లైట్ల మధ్య ఎంత దూరమో అంత దూరంలో రెండు గుర్తులు. ప్రీఫోకస్ లైటుని బ్రైటు వేసి సర్దాల. వెలుగు నడిమధ్య ఆ గుర్తుల మీద పడాల, డిమ్ దానంతటదే ఎడమకి దిగుతాది. హెచ్4 అయితే తిరగేసి, డిమ్ వేసి సర్దాల, పది మీటర్లకి పది సెంటీమీటర్లు కిందికి. ఇది తెలీక ప్రీఫోకస్‌ని డిమ్‌లో సర్దితే బ్రైటు ఆకాశంలోకి పోతాది.

పసుపు బల్బులు పాతకాలం చూపు కోసమని కొంటారు కొందరు. అవి ఫ్రాన్సు నిబంధన, ఆ దేశంలో 1930లనుంచి 1993 దాకా తప్పనిసరి. ఇంగ్లండు మైనర్‌కి సంబంధం లేదు.


కోట_కూడలి:

కుడివైపు కత్తిరించిన బల్బు తీసేశాను. దాని వెనక గిన్నె అంచు కాస్త వంగింది. ఎడమ, కుడి రెండూ 414 ఆర్డరు పెడుతున్నాను, ఎడమకి దిగేవి అని అమ్మేవాడి దగ్గర రాయించుకున్నాను. ఇంకో రెండు అడగాలి. పార్కింగ్ లైటు హోల్డరులో బల్బు నిలవడం లేదు, కుదుపుకి ఆరిపోతోంది. పెద్ద మూతీ చిన్న మూతీ అని షాపువాళ్ళు అడుగుతున్నారు, తేడా ఏమిటి? అలాగే వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టుకుంటే రిలేలకి అభ్యంతరం చెప్తారా?


నీలితీగ:

15 మిల్లీమీటర్లది పెద్ద మూతి, 9 మిల్లీమీటర్లది చిన్నది, బీఏ9ఎస్. మీ హోల్డరు లోపలి వ్యాసం కొలిస్తే తేలిపోతుంది. నిలవకపోవడం మూతి తేడా అయి ఉండదు, అడుగున స్ప్రింగు చచ్చిపోయి ఉంటుంది. బల్బు తీసి అడుగు బిళ్ళని వేలితో నొక్కండి, నాలుగైదు మిల్లీమీటర్లు పోయి తిరిగి రావాలి. రాకపోతే బాల్ పెన్ను స్ప్రింగు కోసి వేసే అలవాటు మనవాళ్ళకి ఉంది. అది వేడికి మెత్తబడి నెలలో మళ్ళీ అంతే. హోల్డరు మార్చండి.

బల్బు అడుగున టంకం చుక్క నొక్కుకుపోయి చదునుగా ఉంటే, ఒక చుక్క టంకం వేసి ఎత్తు పెంచొచ్చు. ఎక్కువ వేస్తే పుల్లలు గాడిలోకి దిగవు.

గిన్నె అంచు వంగింది అన్నారు. బల్బు పళ్ళెం అన్ని వైపులా ఆనుతోందో లేదో చూడకుండా 414 పెట్టకండి. పళ్ళెం కింద సన్న కాగితం ముక్క పెట్టి లాగితే ఎక్కడా సులువుగా జారకూడదు. ఒకవైపు జారితే అక్కడ ఖాళీ ఉంది, ఫిలమెంటు వాలుగా నిలుస్తుంది. అంచుని వెనక చెక్కదిమ్మ పెట్టి, చెక్క పుల్లతో మెల్లగా తిరిగి సరిచెయ్యాలి. ఇనుప సుత్తి వద్దు, కొట్టిన అదురుకి లోపలి పూత పెచ్చులుగా లేస్తుంది.

2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధన ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదు. రిలే ఆ లెక్కలోకి రాదు. కాకపోతే వింటేజ్ బండ్లకిచ్చే ఆ వీఏ నంబరు తీసుకున్నాక బండిని ర్యాలీ, ప్రదర్శన, మరమ్మతు, పెట్రోలు లాంటి పనులకే రోడ్డెక్కించాలి, మామూలు తిరుగుడుకి వీల్లేదు. శ్రీకాకుళం షికార్లు కావాలంటే ఆ దరఖాస్తు పెట్టే ముందు అది ఆలోచించుకోండి.


డైనమో_తాత:

ఒకటి మర్చిపోయాను. కొత్త బల్బులు పెట్టాక, ఇంజను మధ్యస్థంగా తిప్పుతూ, లైట్లు వేసి బ్యాటరీ మీద వోల్టేజి చూడండి. 14.5 దాటి పోతుంటే రెగ్యులేటరు సర్దాలి. 5 శాతం ఎక్కువ వోల్టేజికి ఫిలమెంటు ఆయుష్షు సగమైపోతుంది, ఇంత కష్టపడి తెప్పించిన 414లు రెండు వర్షాకాలాలు కూడా రావు. బ్యాటరీ తీగ ఊడదీసి డైనమో మీద కొలిస్తే 16 దగ్గర చూపిస్తుంది. ఆ రకం రెగ్యులేటరుకి అది మామూలే, దాన్ని చూసి స్క్రూ తిప్పెయ్యకండి.